ఒకే కార్యశాల, భిన్న అవసరాలు: ఉపాధ్యాయ శిక్షణను పాల్గొనేవారికి తగినట్టు మలచుకోవడం ఎలా?

మీ ప్రశ్నలోని పరిస్థితిని ముందుగా క్లుప్తంగా చెప్పుకుందాం. తరగతిలో ప్రశ్నలు అడగడం, పిల్లల సమాధానాలను బట్టి బోధనను సరిదిద్దుకోవడం అనే అంశంపై మూడు రోజుల కార్యశాల నిర్వహించే బాధ్యతను మీకు అప్పగించారు. నలభై మంది ఉపాధ్యాయులు వస్తారు. వారిలో ఈ ఏడాదే ఉద్యోగంలో చేరినవారు ఉన్నారు, పదవీ విరమణకు దగ్గరపడినవారూ ఉన్నారు. ప్రాథమిక తరగతులకు చెప్పేవారు, ఉన్నత తరగతుల్లో గణితం, విజ్ఞాన శాస్త్రం, భాష బోధించేవారు ఒకే గదిలో కూర్చుంటారు. కిందటిసారి ఇదే కార్యశాల ముగిశాక కొందరు వేగం అందుకోలేకపోయామని రాస్తే, మరికొందరు అన్నీ తెలిసిన విషయాలేనని రాశారు. ఈసారి మధ్యస్థంగా ఒక స్థాయిని ఎంచుకుని చెప్పాలా, లేక సర్వీసును బట్టి రెండు బ్యాచ్‌లుగా విడదీయాలా అన్నది మీ సందేహం.

ఈ రెండింటిలో దేనినీ నేను సూచించను. మధ్యస్థ స్థాయికి చెబితే ఆ స్థాయిలో ఉన్నవారు గదిలో చాలా తక్కువ మందే ఉంటారు. మిగిలినవారు రెండు వైపుల నుంచీ నష్టపోతారు. సర్వీసును బట్టి విడదీయడం చూడటానికి సబబుగానే కనిపిస్తుంది కానీ, ఉపాధ్యాయుల అవసరాలు సర్వీసు రిజిస్టరును అనుసరించి ఉండవు. 1969లో ఫ్రాన్సెస్ ఫుల్లర్ అనే పరిశోధకురాలు, బోధనలోకి కొత్తగా వచ్చినవారి ఆందోళనలు మొదట తమ చుట్టూ తిరుగుతాయని, తరగతిని అదుపులో ఉంచగలనా, నన్ను గౌరవిస్తారా అన్నవి వారిని వేధిస్తాయని, అనుభవం వచ్చే కొద్దీ దృష్టి పిల్లలు నేర్చుకుంటున్నారా లేదా అన్నదాని మీదికి మళ్లుతుందని వివరించారు. ఆ తర్వాత జీన్ హాల్, ఆయన సహచరులు ఈ ఆలోచనను మరింత ముందుకు తీసుకువెళ్లి, ఏదైనా కొత్త పద్ధతి ఎదురైనప్పుడు ఎంతటి అనుభవజ్ఞుడైనా ఆ పద్ధతి వరకు మళ్లీ తన గురించిన ఆందోళనలతోనే మొదలుపెడతాడని గుర్తించారు. కాబట్టి ఇరవై ఐదేళ్ల సర్వీసున్న ఉపాధ్యాయిని మీ అంశంలో కొత్త కావచ్చు. నిన్నగాక మొన్న శిక్షణ కళాశాల నుంచి వచ్చిన యువకుడికి దాని సిద్ధాంతం కరతలామలకం కావచ్చు, అయితే అతడికి నలభై మంది పిల్లల ముందు నిలబడి ఆ సిద్ధాంతాన్ని వాడటం చేతకాకపోవచ్చు. మీరు పట్టుకోవలసిన తేడా ఈ ప్రత్యేక అంశానికి సంబంధించినది. మిగిలిన తేడాలు చాలావరకు పైపై తేడాలే.

దీనితోపాటు మరొక విషయంలో స్పష్టత అవసరం. అవసరాలు వేరు వేరుగా ఉన్నాయి కదా అని లక్ష్యాన్ని ముక్కలు చేయకూడదు. లక్ష్యం అందరికీ ఒకటే ఉండాలి. దాన్ని చేరుకునేందుకు ఇచ్చే సామగ్రి, ఆసరా, వ్యవధి, జట్టు మాత్రమే మారాలి. మీ కార్యశాలకు లక్ష్యాన్ని నేనైతే ఇలా రాసుకుంటాను: ప్రతి ఉపాధ్యాయుడూ తాను చెప్పబోయే పాఠంలోని ఒక కీలక భావన దగ్గర, పిల్లలు ఎక్కడ పొరబడుతున్నారో బయటపెట్టే ప్రశ్న ఒకటి తయారుచేయాలి, దానిని తన తరగతిలో అడగాలి, వచ్చిన సమాధానాలను బట్టి మరుసటి రోజు పాఠంలో ఏం మార్చాలో నిర్ణయించుకోగలగాలి. ఒకటో తరగతి టీచరుకూ పదో తరగతి టీచరుకూ ఈ వాక్యం సమానంగా వర్తిస్తుంది. ‘మూల్యాంకనంపై అవగాహన కల్పించడం’ వంటి లక్ష్యం రాసుకుంటే మాత్రం ఎవరి అవసరానికి తగినట్టు దేన్ని మార్చాలో మీకే తెలియదు, ఎందుకంటే అవగాహన ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గీత ఏదీ ఉండదు.

ఇక అసలు పని, అంటే పాల్గొనేవారి అవసరాలను ముందుగా తెలుసుకోవడం. దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలా కార్యశాలలు ఇక్కడే దారి తప్పుతాయి. సాధారణంగా నిర్వాహకులు ఒక ప్రశ్నావళి పంపుతారు. అందులో ‘మీకు ఏయే అంశాల్లో శిక్షణ కావాలి?’, ‘ఈ అంశంపై మీ పరిజ్ఞానాన్ని ఒకటి నుంచి ఐదు వరకు గుర్తించండి’ వంటి ప్రశ్నలుంటాయి. సమాధానాలు మర్యాదగా, ఒకే మూసలో వస్తాయి. తమకు తెలియనిది ఏమిటో చెప్పాలంటే దాని గురించి కొంతైనా తెలిసి ఉండాలి కదా! పైగా పై అధికారుల కంటబడే కాగితంలో తన లోటును రాసుకోవడానికి ఏ ఉపాధ్యాయుడూ సిద్ధపడడు, అలా సిద్ధపడాలని ఆశించడం న్యాయం కూడా కాదు. అందుకే అభిప్రాయం అడగడం మాని చిన్న పని ఒకటి ఇవ్వండి. కార్యశాలకు రెండు వారాల ముందు, పావుగంటకు మించని పని, మార్కులు లేనిది, మీరు తప్ప మరెవరూ చూడరని హామీ ఉన్నది. ఆ హామీని అక్షరాలా నిలబెట్టుకోవాలి.

గణిత ఉపాధ్యాయులకు పంపదగిన పని ఒకటి చూపిస్తాను. 0.45, 0.5 ఈ రెండింటిలో ఏది పెద్దది అని అడిగితే ఒక విద్యార్థి 0.45 అని రాశాడు. మీరు ఏం చేస్తారు, తరువాత ఏం అడుగుతారు? ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాలు స్థూలంగా కొన్ని రకాలుగా ఉంటాయి. కొందరు సమాధానం తప్పని చెప్పి సరైనది రాయిస్తామంటారు. కొందరు 0.5 పక్కన సున్నా చేర్చి 0.50గా మార్చి పోల్చే నియమాన్ని మళ్లీ చెబుతామంటారు. మరికొందరు, ఆ పిల్లవాడు బిందువు తర్వాతి భాగాన్ని పూర్ణసంఖ్యగా చదివి 5 కన్నా 45 పెద్దదని అనుకుంటున్నాడని గుర్తిస్తారు. వీరికన్నా ముందుకు వెళ్లినవారు ఇంకో మాట అంటారు: 0.5 అని సరిగ్గా రాసిన పిల్లలందరికీ అర్థమైందని చెప్పలేం, ఎందుకంటే శతాంశాలు దశాంశాల కన్నా చిన్నవి కాబట్టి అంకెలు తక్కువున్న దశాంశ సంఖ్యే ఎప్పుడూ పెద్దదని నమ్మే పిల్లలు కూడా ఇక్కడ 0.5 అనే రాస్తారు, కాబట్టి 0.3, 0.45 జతను కూడా ఇవ్వాలి, అప్పుడు ఆ రెండో రకం పిల్లలు 0.3 పెద్దదని రాసి బయటపడతారు, మొదటి రకం పిల్లలు మాత్రం తప్పుడు కారణంతోనే సరైన జవాబు రాస్తారు. రెండు జతలూ కలిపి అడిగితే తప్ప ఇద్దరి ఆలోచనా తెలియదు.

ఒక్క పుటలో వచ్చిన ఈ సమాధానాలు, ఎవరికి ఏ మెట్టు దగ్గర చేయి అందించాలో ఏ ప్రశ్నావళీ చెప్పలేనంత స్పష్టంగా చెబుతాయి. నియమం దగ్గర ఆగినవారికి పిల్లల ఆలోచనను చదవడం నేర్పాలి. ఆలోచనను చదవగలిగినవారికి దాన్ని పరీక్షించే ప్రశ్నను నిర్మించడం నేర్పాలి. అది కూడా వచ్చినవారికి, తరగతిలో సగం మంది ఒకలా, సగం మంది మరొకలా పొరబడినప్పుడు ఆ పీరియడ్‌ను ఎలా నడపాలన్నది అసలు సమస్య. ఇందులో సర్వీసు ప్రస్తావన ఎక్కడా రాలేదని గమనించండి.

ఇతర విషయాలకూ ఇలాంటివి తయారుచేసుకోవచ్చు. ప్రాథమిక తరగతులకు, నూట ఐదు అని చెబితే 1005 అని రాసిన పుట సరిపోతుంది. విజ్ఞాన శాస్త్రానికి, మొక్క పెద్ద చెట్టయ్యేటప్పుడు పెరిగిన బరువంతా మట్టి నుంచే వచ్చిందని రాసిన సమాధానం పంపవచ్చు. పిల్లలే కాదు, పెద్దలు కూడా చాలామంది ఇలాగే అనుకుంటారు, అందుకే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ సంగతి ఉపాధ్యాయుల సమాధానాల్లో వస్తుందో లేదో చూడాలి. భాషకు, ‘ఎందుకు’ అని అడిగిన ప్రశ్నకు పాఠంలోని వాక్యాన్ని యథాతథంగా దించిన జవాబు మంచి నమూనా. ఇలాంటి పనుల్లో బోధన నైపుణ్యంతోపాటు విషయ పరిజ్ఞానంలోని ఖాళీలు కూడా బయటపడతాయి. 1999లో వెలువడిన, లీపింగ్ మా అనే పరిశోధకురాలి అధ్యయనంలో, ఒకటి ముప్పావును అరతో భాగించి దానికి తగిన కథా సమస్య ఒకటి చెప్పమన్నప్పుడు, లెక్క చేయగలిగిన ఉపాధ్యాయుల్లోనూ కొందరు అరతో భాగించడానికి బదులు రెండుతో భాగించే కథలు చెప్పారు. ఇలాంటిచోట ఎన్ని బోధన పద్ధతులు నేర్పినా ఉపయోగం ఉండదు. ముందు ఆ భావనను వారితో కలిసి మళ్లీ నిర్మించాలి. దాన్ని నలుగురిలో కాకుండా, జట్టు పనిలో భాగంగా, ‘పిల్లలకు ఇది ఎందుకు కష్టంగా ఉంటుంది’ అన్న ప్రశ్న ద్వారా చేయించితే ఎవరి గౌరవానికీ భంగం కలగదు.

అదే ఉత్తరంలో వారి తరగతి పరిస్థితి కూడా తెలుసుకోండి. ఎంతమంది పిల్లలు, ఒకే గదిలో ఎన్ని తరగతులు, ఏ మాధ్యమం, ఏ పరికరాలు ఉన్నాయి, ఇంతకుముందు ఏ శిక్షణలకు హాజరయ్యారు అన్న వివరాలు ఐదు వాక్యాల్లో వచ్చేస్తాయి. చూపు, వినికిడి, నడక విషయంలో ఏర్పాట్లు కావలసినవారు ఉంటే చెప్పమని ఒక వాక్యం చేర్చండి. పెద్ద అక్షరాల హ్యాండవుట్లు, ముందు వరుసలో కుర్చీ వంటివి ముందే తెలిస్తే సులువు, అక్కడికక్కడ కష్టం.

అయితే ఈ సమాచారం చేతికి వచ్చాక చేయకూడని పని ఒకటి ఉంది. పాల్గొనేవారిని ఏ, బీ, సీ గ్రూపులుగా ప్రకటించి కూర్చోబెట్టకూడదు. పెద్దవారైన వృత్తి నిపుణులకు సహచరుల ముందు ముద్ర వేస్తే ఆ మూడు రోజులూ వారు ఆ ముద్రను తుడుచుకునే ప్రయత్నంలోనే ఉంటారు. మాల్కమ్ నోల్స్ వయోజనుల అభ్యసనం గురించి చెప్పిన మాటల్లో, పెద్దలకు తమ అనుభవమే తమ గుర్తింపులో భాగం, దాన్ని పక్కన పెడితే తమనే పక్కన పెట్టినట్టు భావిస్తారన్న ఆలోచన శిక్షకులు ఎప్పుడూ గుర్తుంచుకోవలసినది. మీ వర్గీకరణ మీ నోట్‌బుక్‌లోనే ఉండాలి. అది పనిని ఎలా రూపొందించాలో మీకు చెప్పాలి, వారికి తమ స్థాయిని చెప్పకూడదు.

పనిని రూపొందించడంలో నేను నమ్మే సూత్రం, అందరూ ఒకే గుమ్మం గుండా లోపలికి రావాలి, లోపల ఎవరికి తగినంత దూరం వారు వెళ్లగలగాలి అన్నది. మొదటి రోజు ఉదయం గంటన్నర సెషన్‌ను ఉదాహరణగా తీసుకోండి. అందరూ చేసే పని ఒకటే: పిల్లల నోటు పుస్తకాల పుటలు చూసి, పిల్లవాడు ఏమనుకుని ఇలా రాశాడో ఊహించి, ఆ ఊహ నిజమో కాదో తేల్చే ప్రశ్న రాయాలి. కానీ ప్రతి బల్ల మీద మూడు రకాల కాగితాలు పెడతారు. ఒకదానిలో పూర్తిగా విశ్లేషించిన ఉదాహరణ ఉంటుంది, పిల్లవాడి జవాబు, దాని వెనుక ఆలోచన, దాన్ని పరీక్షించే ప్రశ్న, ఆ ప్రశ్నకు రాగల రెండు రకాల జవాబులు అన్నీ రాసి ఉంటాయి. రెండో దానిలో సగం పూర్తిచేసిన విశ్లేషణ ఉంటుంది. మూడోది వట్టి నోటు పుస్తకం పుట. ఎవరికి ఏది కావాలో వారే తీసుకుంటారు, మధ్యలో మార్చుకోవచ్చు కూడా. మీరు బల్లల మధ్య తిరుగుతూ, ఉదాహరణతో ఎక్కువసేపు కూర్చున్నవారిని సగం కాగితం వైపు, వట్టి పుటతో ఇబ్బంది పడేవారిని ఉదాహరణ వైపు మెల్లగా నడిపిస్తారు.

ఈ ఏర్పాటుకు పరిశోధనలో బలమైన ఆధారం ఉంది. స్లావా కల్యుగా, జాన్ స్వెల్లర్, వారి సహచరులు 2003లో వివరించిన ‘నైపుణ్య విపర్యయ ప్రభావం’ ప్రకారం, కొత్తవారికి ఎంతో సాయపడే పూర్తి వివరణలూ సాధించిన ఉదాహరణలూ, విషయం తెలిసినవారికి సాయపడకపోగా వారి అభ్యసనానికి అడ్డుపడతాయి; తెలిసినదాన్ని మళ్లీ చదివి తమ దగ్గరున్న జ్ఞానంతో సరిపోల్చుకునే శ్రమ వారిపై అదనంగా పడుతుంది. మీ కార్యశాలలో ‘అన్నీ తెలిసినవే’ అని రాసినవారి విసుగును అహంకారంగా చూడనవసరం లేదు. ఆ గంటన్నర నిజంగానే వారి పనికి అడ్డువచ్చి ఉండవచ్చు.

జట్ల విషయానికి వద్దాం. ఎప్పుడు కలపాలి, ఎప్పుడు విడదీయాలి అన్నదానికి నేను పాటించే కొలమానం, ఆ పనికి విషయ పరిజ్ఞానం అవసరమా కాదా అన్నదే. ఒక విషయాన్ని పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి కావలసిన ప్రత్యేక జ్ఞానం, ఆ విషయానిదే తప్ప సర్వసామాన్య బోధన నైపుణ్యం కాదని లీ షుల్మన్ 1986లో ఎత్తిచూపారు. అందుకని పొరపాట్ల విశ్లేషణ, ప్రశ్నల తయారీ వంటివి ఒకే విషయం బోధించేవారు కలిసి కూర్చుని చేయాలి. భాషా ఉపాధ్యాయుడు దశాంశాల జట్టులో కూర్చుంటే మర్యాదకు తల ఊపుతాడు, అంతే. మరోవైపు, ప్రశ్న వేసే తీరు, ఎదురుచూడటం, జవాబు విన్నాక స్పందించడం వంటివాటికి విషయం అడ్డు కాదు. పైగా వేరే విషయం చెప్పేవారు గమనిస్తే, జవాబు తప్పా ఒప్పా అన్న ధ్యాస లేకుండా అడిగే తీరు మీదే దృష్టి పెట్టగలుగుతారు. అక్కడ కలిపిన జట్లు బాగా పనిచేస్తాయి.

కలిపిన జట్లలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పెద్దాయన మాట్లాడతారు, కొత్తగా వచ్చిన అమ్మాయి చార్టు మీద రాస్తుంది, చివర్లో మరొకరు చదివి వినిపిస్తారు. గది సందడిగా ఉంటుంది కాబట్టి శిక్షకుడికి అంతా సవ్యంగా జరుగుతున్నట్టే అనిపిస్తుంది. దీన్ని నివారించడానికి మొదటి ఐదు నిమిషాలు ఎవరి కాగితం మీద వారు మౌనంగా రాయడం, ఆ తర్వాత సర్వీసు తక్కువ ఉన్నవారు మొదట చెప్పడం అనే రెండు నియమాలు చాలు. సీనియర్లు ముందు మాట్లాడాక జూనియర్లు భిన్నంగా చెప్పడం మన వృత్తిలో అరుదు. వరుస తిప్పితే ఇద్దరికీ మేలు.

అనుభవజ్ఞులను ‘మీరు కొత్తవారికి సాయం చేయండి’ అని సహాయకులుగా మార్చడం కూడా నాకు సమ్మతం కాదు. అప్పుడప్పుడు ఫరవాలేదు, కానీ మూడు రోజులూ అదే పాత్ర ఇస్తే, నేర్చుకోవడానికి వచ్చిన మనిషిని ఉచిత శిక్షకుడిగా వాడుకున్నట్టు అవుతుంది. వారికి వారి స్థాయి సమస్య దొరకాలి. ముందు ఉత్తరంలోనే, ‘ఎన్ని రకాలుగా చెప్పినా మీ పిల్లలకు అందని భావన ఒకటి, దానికి సంబంధించిన పుటలతో సహా తీసుకురండి’ అని ప్రత్యేకంగా కోరండి. ముప్పై ఏళ్లు చెప్పినవారి దగ్గర కూడా అలాంటి భావన ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆ సమస్యను మిగతావారంతా కలిసి శోధిస్తున్నప్పుడు, ఆ సీనియర్ ఉపాధ్యాయుడు తన అనుభవాన్ని పూర్తిగా వాడుకుంటూనే నేర్చుకునే స్థానంలో ఉంటారు. ఇంతకన్నా గౌరవప్రదమైన పద్ధతి నాకు తెలియదు.

ఇది మా దగ్గర సాధ్యం కాదు అనేవారి గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. వారిని ఒప్పించడానికి ఉపన్యాసం పెంచకండి. ఉపాధ్యాయుల నమ్మకాలు ముందు మారి ఆ తర్వాత ఆచరణ మారుతుందని మనం అనుకుంటాం కానీ, థామస్ గస్కీ 1986లో ప్రతిపాదించిన నమూనా ఈ క్రమాన్ని తిరగవేసింది: కొత్త పద్ధతిని కొంత ప్రయత్నించి, దాని వల్ల తమ పిల్లల్లో మార్పును కళ్లారా చూశాకే నమ్మకం మారుతుందని ఆయన వాదన. కాబట్టి కార్యశాలలో వారి నుంచి ఆశించవలసింది అంగీకారం కాదు, ఒక చిన్న ప్రయత్నానికి మాట ఇవ్వడం. అంతకన్నా ముఖ్యంగా, వారి అభ్యంతరాన్ని సమాచారంగా తీసుకోండి. ‘అరవై మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడ్, వీళ్లందరి జవాబులూ ఎప్పుడు చూడాలి?’ అని అడిగే ఉపాధ్యాయుడు మీ పద్ధతిలోని లోపాన్ని చూపిస్తున్నారు. ఆ ప్రశ్ననే మధ్యాహ్నం సెషన్‌కు పనిగా మార్చండి. పీరియడ్ చివర ఒక్క ప్రశ్నకు చిన్న చీటీ మీద జవాబు రాయించి, మార్కులు వేయకుండా, సరైనవి, ఒకే రకంగా పొరబడినవి, అర్థం కానివి అని మూడు కట్టలుగా విడదీస్తే ఎంతసేపు పడుతుందో గదిలోనే గడియారం పెట్టి చేసి చూడండి. అరవై చీటీలు పంచి చేయించినప్పుడు, ఏ కట్ట పెద్దదో చూసి రేపటి పాఠం నిర్ణయించవచ్చని వారికే తెలుస్తుంది. అది కూడా వీలుకాని తరగతి ఉంటే, ఆ ఉపాధ్యాయుడితో కలిసి ఇంకా చిన్న రూపం వెతకాలి.

మధ్యలో ఒక మాట. అవసరాల భిన్నత్వం అనగానే దృశ్య, శ్రవణ, చలన అభ్యాసకులు అని ఉపాధ్యాయులను విభజించి తగిన సామగ్రి తయారుచేయాలన్న సలహా మీకు ఎవరైనా ఇవ్వవచ్చు. హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు 2008లో ఈ అభ్యసన శైలుల వాదాన్ని సమీక్షించి, శైలికి తగినట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. బొమ్మ అవసరమైన చోట అందరికీ బొమ్మ చూపండి, చేసి చూడవలసింది అందరితో చేయించండి. మీ సమయాన్ని ఆ విభజన మీద ఖర్చు చేయకండి.

డిజిటల్ సాధనాల విషయంలోనూ క్లుప్తంగా చెబుతాను. మీ లక్ష్యం ప్రశ్నించడం అయినప్పుడు క్విజ్ యాప్‌ను నేర్పడానికి గంట పట్టేలా ఉంటే దాన్ని తీసేసి చీటీలు వాడండి. ఆసక్తి ఉన్నవారికి సాయంత్రం అరగంట విడిగా చూపించవచ్చు.

కార్యశాల మొదలయ్యాక చేసుకునే సవరణకు ముందుగా చోటు ఉంచుకోవాలి. టైమ్‌టేబుల్‌లో ప్రతి నిమిషాన్నీ నింపేసి, తర్వాత పాల్గొనేవారికి తగినట్టు మారుస్తానంటే అది జరిగే పని కాదు. రోజులో దాదాపు మూడో వంతు సమయాన్ని పేరు పెట్టకుండా వదిలేయండి. ప్రతి సెషన్‌లోనూ, సమయం చాలకపోతే ఏ భాగాన్ని తీసేస్తారో ముందే గుర్తుపెట్టుకోండి. సాధారణంగా శిక్షకులు చివర్లో ఉన్న అభ్యాసాన్ని కత్తిరించి ఉపన్యాసాన్ని పూర్తిచేస్తారు, కత్తిరించవలసింది ఉపన్యాసాన్ని. సిద్ధాంతం, ప్రదర్శన, అభ్యాసం, ఫీడ్‌బ్యాక్, ఆ తర్వాత తరగతి గదిలో తోడుగా నిలిచే కోచింగ్, ఇవన్నీ కలిస్తేనే నేర్చుకున్నది తరగతి దాకా చేరుతుందని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980ల నుంచీ చెబుతూ వచ్చారు. మనం సిద్ధాంతం దగ్గరే ఆగిపోతే, ఎంత బాగా మలచినా మలచింది ఉపన్యాసమే.

అభ్యాసంలో కూడా అవసరాలు ఎలా విడిపడతాయో ఒక పనిలో చూడవచ్చు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబుల నిడివీ నాణ్యతా పెరుగుతాయని మేరీ బడ్ రో 1970లలో చూపించారు. దీన్ని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చేయించడానికి మాత్రం గంట కావాలి. ఒకరు ఐదు నిమిషాల పాఠం చెబుతారు, ముగ్గురు పిల్లలుగా కూర్చుంటారు, ఒకరు ఫోనులో రికార్డు చేస్తారు, తర్వాత అందరూ కలిసి వింటారు. కొత్తవారి రికార్డింగ్‌లో నిశ్శబ్దం భయపెడుతుంది. రెండో సెకనుకే ప్రశ్నను మరో రూపంలో అడుగుతారు, మూడో సెకనుకు జవాబు సగం చెప్పేస్తారు. వారికి కావలసింది ఆ మూడు సెకన్లలో ఏం చేయాలన్నది, అంటే గదిని ఒకసారి కలయజూడటం, మనసులో లెక్కపెట్టుకోవడం వంటి చిన్న ఆసరాలు. అనుభవజ్ఞులు ప్రశ్న తర్వాత సులువుగానే ఆగుతారు, అయితే పిల్లవాడు మొదటి పదం పలకగానే వాక్యాన్ని తామే పూర్తిచేస్తారు, ఎందుకంటే ఆ జవాబును వారు వందల సార్లు విన్నారు. వారు సాధన చేయవలసింది జవాబు తర్వాతి మౌనం. రో కూడా ప్రశ్న తర్వాతి విరామం, జవాబు తర్వాతి విరామం అని రెండింటినీ వేరుగానే చూశారు. ఒకే పని, ఒకే రికార్డింగ్, ఇద్దరికీ వేరు వేరు పాఠాలు.

ప్రతి సాయంత్రం రెండు ప్రశ్నలతో చీటీ తీసుకోండి: ఈ రోజు దేన్ని మీ తరగతిలో ఎలా వాడతారు, ఎక్కడ ఇంకా సందేహం ఉంది. ‘సెషన్ ఎలా ఉంది’ అని అడగకండి, బాగుందనే రాస్తారు. మరుసటి ఉదయం మొదటి పది నిమిషాల్లో, ఆ చీటీలు చదివి ఏం మార్చారో పేర్లు చెప్పకుండా వివరించండి. తాము రాసినదానికి ఫలితం కనిపించాకే రెండో రోజు చీటీలు నిజాయితీగా వస్తాయి. పైగా పిల్లల జవాబులను బట్టి పాఠాన్ని మార్చుకోవడం అనే మీ కార్యశాల అంశాన్ని మీరు వారి కళ్ల ముందు చేసి చూపినట్టూ అవుతుంది.

నిర్వాహకులతో మాట్లాడే అవకాశం ఉంటే, మూడు రోజులనూ వరుసగా పెట్టవద్దని కోరండి. 2007లో క్వాంగ్ సక్ యూన్, సహచరులు 1,300కు పైగా అధ్యయనాలను వడపోసి కఠిన ప్రమాణాలకు నిలిచిన 9 అధ్యయనాలను పరిశీలించినప్పుడు, 14 గంటలకు మించి సాగిన శిక్షణల్లో విద్యార్థుల అభ్యసనంపై సానుకూల ప్రభావం కనిపించింది, అంతకన్నా తక్కువ వ్యవధి ఉన్నవాటిలో చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. మీ మూడు రోజుల్లో గంటలు సరిపోతాయి, కానీ వాటిని పరిచే తీరు ముఖ్యం. రెండు రోజులు ముందు, ఒక రోజు మూడు నాలుగు వారాల తర్వాత పెడితే, మధ్యలో ప్రతి ఒక్కరూ తమ ప్రశ్నను తమ తరగతిలో అడిగి చీటీల కట్టలతో తిరిగి వస్తారు. ఆ మూడో రోజుకు మీరు విడిగా సామగ్రి తయారుచేయవలసిన అవసరమే ఉండదు. నలభై మందీ నలభై తరగతులను బల్ల మీద పెడతారు. ఎవరి అవసరం వారి చేతిలోనే కనిపిస్తుంది. ఈ ఒక్క మార్పుకు నిర్వాహకులను ఒప్పించగలిగితే, పైన రాసినవాటిలో కొన్ని చేయలేకపోయినా నేను పెద్దగా చింతించను. ఒప్పుకోకపోతే, కనీసం ఒకే పాఠశాలవారినో దగ్గరి పాఠశాలలవారినో ఇద్దరిద్దరుగా జతచేసి, ఒకరి తరగతిని ఒకరు ఒక పీరియడ్ చూసేలా తేదీలు రాయించి పంపండి.

ముగింపు రోజు అభిప్రాయ పత్రాన్ని కూడా మార్చుకోండి. కార్యశాలకు ముందు వారు పంపిన పావుగంట పనినే, వేరే ఉదాహరణతో మళ్లీ ఇవ్వండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలారో తెలుస్తుంది. వేగం ఎక్కువైందని రాసినవారి కాగితంలో కదలిక ఉంటే ఆ ఇబ్బంది నేర్చుకోవడంలో భాగమే కావచ్చు. అంతా బాగుందని రాసినవారి కాగితం కదలకుండా ఉంటే, తదుపరి పాఠశాల సందర్శనలో మొదట కలవవలసింది వారినే.